నాలుగు పొద్దుల తవుడు

చచ్చిన చేపల్ని ట్రాక్టరులోకి ఎత్తడం మొదలుపెట్టి మూడు గంటలైంది. ఈ మూడు గంటల్లో ఇంట్లో ఒక్కరు కూడా కాఫీ అడగలేదు. వనజాక్షి కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఇట్లా జరగడం రెండోసారి. మొదటిసారి మామగారు పోయినప్పుడు. అప్పుడైనా పదకొండింటికల్లా ఎవరో గొంతు సవరించుకున్నారు.

వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా వాళ్ళ చేపల చెరువే. ఆమె తియ్యలేదు. తియ్యకపోయినా రావలసిన వాసన వస్తూనే ఉంది.

వసారాలో బావగారు హజరత్తయ్య ఫోను చెవి నుంచి దించడం లేదు. ఊరి పెద్దలకు వరసగా చెబుతున్నారు. సాయంత్రం నాలుగింటికి కట్ట మీదికి రావాలి. తిమోతి రొయ్యల గుంటలకు ఉప్పుటేటి నీళ్ళు తీసుకుపోయే తూమును అందరి ముందరా ఇసక మూటలేసి మూసెయ్యాలి. గుంటల మురుగు చెరువులోకి వదిలి చేపల్ని చంపినవాడికి ఊరి కట్ట కింద తూమెందుకు?

మొదటి ఫోనులో ఆయన "వదిలినాడేమో" అన్నారు. మూడో ఫోనుకు "వదిలినాడు" అయింది. ఏడో ఫోనుకు ఆయన పక్కనే నిలబడి కళ్ళారా చూసినట్టుంది.

ఆదివారం వల వెయ్యాల్సిన చెరువు. వల పడిన రోజు మొదట ఊళ్ళో ఇంటికో చేప పంచుతారు. ఆ తరవాతే మిగిలినవి లారీ ఎక్కుతాయి. మామగారి నాటి నుంచీ అదే పద్ధతి. రామాలయం వీధికైనా చర్చి వీధికైనా ఒకటే తూకం చేప, హజరత్తయ్య చేతి మీదుగానే. ఏడాది మొత్తంలో ఆయన ఊరందరికీ నచ్చే రోజు అదొక్కటే. ఆ రోజు కాస్తా ఇప్పుడు ట్రాక్టరులో పోతోంది.

అట్లాంటి సమయంలో తిమోతి తనంతట తానే వచ్చాడు.

మామూలుగా అయితే అతను దొడ్డిదారిన వచ్చి, వనజాక్షి భర్త పెంచలకృష్ణను "ఒరే" అని పిలిచి, అరుగు మీద కూర్చునేవాడు. వాళ్ళిద్దరిదీ పదో తరగతి దాకా ఒకే బెంచి. ఆ రొయ్యల గుంటల గట్లు ఇద్దరూ కలిసి నిలబడి పోయించినవే. ఈ రోజు మాత్రం వీధి వైపు నుంచి వచ్చి, చూరు కింద నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. అతని చేతిలో ఒక పెద్ద బొచ్చె చేప వేలాడుతోంది.

వనజాక్షి వంటింటి గుమ్మం వెనక నిలబడింది. ఈ ఇంట్లో ఆడవాళ్ళకు మగవాళ్ళ మాటలన్నీ అక్కడి నుంచే వినిపిస్తాయి.

"అన్నా, ఒక్కసారి నా మాట విను," అన్నాడు తిమోతి. "పెద్ద చేపలే పోయినాయి. పిల్ల చేపలు బతికే ఉండాయి. కొర్రమీను ఒక్కటి గూడా చావలా, అది పైకొచ్చి బయటి గాలి పీలుస్తది గాబట్టి. నా మురుగే వచ్చుంటే అన్నీ పోవాల గదా. కాకుంటే నీళ్ళు నోట్లో పోసుకోని చూడు. నావి ఉప్పు నీళ్ళు, ఇవీ ఉప్పగా ఉంటే నన్నడుగు."

"చచ్చిన చేపల నీళ్ళు నా చేత తాగిస్తావా?" అన్నారు హజరత్తయ్య. "రాత్రంతా నీ గుంటల్లో ఫ్యాన్లు తిరిగినాయి. మా చెరువు చస్తా ఉంటే నీ రొయ్యలకు మాత్రం గాలి తోలుకుంటివే. నీకు ముందే తెలుసు."

తెలుసన్నాడు తిమోతి. ముసురు పట్టి ఆరు రోజులైంది, తెలవకుండా ఎట్లా ఉంటుంది? చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. పగలు ఎండకు నీళ్ళలోని పాచి గాలి పుట్టిస్తుంది. రాత్రికి అదే పాచి, చేపలతో పాటు, ఆ గాలిని వాడుకుంటుంది. ఎండే లేకపోతే పుట్టేది ఉండదు, వాడకం మాత్రం ఆగదు. తెల్లారేసరికి నీళ్ళలో గాలి అడుగంటుతుంది.

"అప్పుడే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అందుకే సోమారం కృష్ణకు చెప్పినా, మేత ఆపెయ్యమని. ఆ టైములో ఏసినా అవి తినవు. ఏసిందంతా అడుగుకు పోయి కుళ్ళి, ఉన్న కాస్త గాలీ తాగేస్తది."

"ఆపినాం. నువ్వు చెప్పినట్టే ఆపినాం. సోమారం నుంచి ఈ చెరువులో గుప్పెడు మేత పడలా. అడుగు నీ స్నేహితుణ్ణి."

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ పెంచలకృష్ణ తలూపాడు.

"ఒక్క గుప్పెడు గూడా?" అన్నాడు తిమోతి.

"ఒక్క గుప్పెడు గూడా."

తిమోతి చేతిలోని చేపను చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పడం చేతనైన మనిషైతే అప్పుడొకటి చెప్పి బయటపడేవాడే.

"అట్టయితే నాకు తెలవదన్నా. మేత పడకుంటే కొన్ని పోయేవి. ఇన్ని పోవు."

"నేను చెప్పేదీ అదే," అన్నారు హజరత్తయ్య.

గుమ్మం వెనక వనజాక్షి చేతిలోని గరిటె నుంచి పప్పు బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది. ఆమె చూసుకోలేదు.

షుగరొచ్చిందని, తెల్లారి లేచి నడవమని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. తినవద్దన్న వాటి జాబితా కూడా ఇచ్చాడు. అందులో లేనివి ఇంట్లో రెండే ఉన్నాయి, మెంతులూ నీళ్ళూ. నడక మాత్రం ఆమెకు నచ్చింది. కట్ట మీద రేవు దాకా వెళ్ళి వచ్చేది.

మంగళవారం పొద్దున రేవు దగ్గర చేపలు పైకి తేలి కనిపించాయి. పదో పదిహేనో. నోళ్ళు తెరుస్తూ, మూస్తూ, మళ్ళీ తెరుస్తూ. ఈ ఇంట్లో నోరు తెరిచినవాళ్ళెవరైనా తిండికే తెరుస్తారని ఆమెకు ఇరవై రెండేళ్ళ అనుభవం. వెనక్కొచ్చి, బర్రెల తవుడు ఒక చేటెడు తీసుకెళ్ళి చల్లింది.

బుధవారం ఇంకా ఎక్కువ చేపలొచ్చాయి. బకెట్టు పట్టింది. గురువారం రేవంతా నోళ్ళే. తనను గుర్తుపట్టి వచ్చాయనుకుంది. ఇంట్లో ఎవరూ ఆమె కోసం అంత పొద్దున్నే ఎదురుచూసింది లేదు. ఒక గోతాం ఈడ్చుకుపోయింది. శుక్రవారం, అంటే నిన్న, ఇంకో గోతాం. నిన్న ఒక పెద్ద బొచ్చె ఆమె చేతికి జానెడు దూరంలో నిలబడింది. తవుడు దాని మూతి పక్కనుంచే మునిగిపోయింది గాని అది ముట్టలేదు. మొహమాటమనుకుంది. తినకుండా కూర్చున్నవాళ్ళకు ఇంకో గరిటె వడ్డించడం ఆమెకు అలవాటు.

డిగ్రీలో జువాలజీ చదివిన మనిషి. చేప ఊపిరి ఎట్లా పీలుస్తుందో వివరించమని ఫైనలియర్‌లో వచ్చింది కూడా. ఆమె దాన్ని చాయిస్‌లో వదిలేసింది.

మేత ఆపమన్న మాట సోమవారం కట్ట మీద పుట్టి, అన్నదమ్ముల మధ్యే తిరిగి, వసారాలో ఆగిపోయింది. ఇంట్లోకి తేవలసిన మాటల్లో అదొకటని ఎవరికీ తోచలేదు. రోజూ పొద్దున వనజాక్షి ఎక్కడికి పోతుందో ఎవరైనా అడిగి ఉంటే ఆమె చెప్పేది. అడగలేదు. ఆమెకూ చెప్పాలని తోచలేదు. చెప్పి ఉంటే, అని ఆమె అనుకుంది. అక్కడే ఆగింది.

తిమోతి వెళ్ళిపోయిన పావుగంటకు తోటికోడలు వెంకటశేషమ్మ వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని, తోటకూర ముందేసుకుంది. హజరత్తయ్య భార్య ఆమె. ఈ ఇంట్లో ఏ గదిలో ఏది ఎంత తగ్గిందో ఆమెకు తెలియకుండా తగ్గదు.

"తవుడు రెండు గోతాలు తగ్గింది మే," అంది, కూర వలుస్తూ.

వనజాక్షి పొయ్యి ఆపింది. "అక్కా, అది నేనే..."

"నేనడగలా. నువ్వు చెప్పబాక."

ఇంకో గుప్పెడు ఆకులు తుంచింది. ఆ తరవాత వెంకటశేషమ్మ, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు, చెప్పుకొచ్చింది. ఆయన ఊరందరికీ ఫోన్లు చేశాడు. ఇప్పుడు తప్పు మన ఇంట్లోదే అంటే సాయంత్రం కట్ట మీద ఏ మొహంతో నిలబడతాడు? తవుడు బర్రెలు తిన్నాయనుకుంటే సరిపోతుంది. బర్రెలు ఎటూ కాదనవు.

"తిమోతన్న గుంటలు?" అంది వనజాక్షి.

వెంకటశేషమ్మ తోటకూర గిన్నె ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. కడగడానికి వంటింట్లోనే నీళ్ళున్నాయి.

ఇక చెప్పాల్సింది బావగారికే. అదే అసలు చిక్కు. బావగారితో తమ్ముడి భార్య నేరుగా మాట్లాడే అలవాటు ఈ ఇంట్లో లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కాఫీ కావాలని గోడకు చెబుతారు. ఆమె తెస్తున్నానని పిల్లికి చెబుతుంది. పిల్లి లేని ఏళ్ళల్లో గడపకు చెప్పింది. కాఫీ దాకా ఆ ఏర్పాటు బాగానే నడిచింది. ఈ మాట మోయగలిగినవాడు ఇంట్లో ఒక్కడే.

పెంచలకృష్ణ బర్రెల కొట్టంలో ఉన్నాడు. మనసు బాగాలేనప్పుడల్లా అతను అక్కడికే పోతాడు. బర్రెలు ఏమీ అడగవు. కొబ్బరి పీచు పట్టుకుని, నిన్ననే కడిగిన బర్రెను మళ్ళీ కడుగుతున్నాడు.

వనజాక్షి మొత్తం చెప్పింది. చేటెడు దగ్గర మొదలుపెట్టి రెండో గోతాం దాకా. చెప్పేటప్పుడు ఆమె గొంతు బాగానే ఉంది. మొహమాటమనుకున్నానన్న చోట మాత్రం ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

అతని చెయ్యి బర్రె వీపు మీదే ఉండిపోయింది.

"నేను ఇంట్లో చెప్పుండాల్సింది," అన్నాడు చివరికి.

ఆ ఒక్క మాటతో ఆమెకు సగం బరువు దిగినట్టయింది. ఇప్పుడే పీచు పక్కన పెట్టి వసారాలోకి పోతాడనుకుంది. అతను పీచు పిండి, మళ్ళీ నీళ్ళలో ముంచాడు.

ఇప్పుడు చెబితే అన్న తట్టుకోలేడన్నాడు. ఏడుగురికి ఫోను చేశాడన్నాడు. ఎనిమిదని ఆమె సరిచేసింది. తూము రెండు మూడు రోజులు మూసి ఉంచితే అన్న కోపం చల్లారుతుంది, అప్పుడు తానే దగ్గరుండి మూటలు తీయిస్తానన్నాడు.

"ఈ ముసురులో నీళ్ళు మార్చకుంటే రొయ్యలు ఎన్ని దినాలు ఆగుతాయి?"

అతను బర్రె తోక కడిగాడు. ఆమె కదల్లేదు. బర్రె ఒకసారి తల తిప్పి ఇద్దర్నీ చూసి, మళ్ళీ గడ్డిలో పడింది.

"ఒక దినం," అన్నాడు. "అదీ ఫ్యాన్లు ఆపకుండా తిప్పితే."

"మరి తిమోతన్నకు వచ్చిన చెడ్డపేరు?"

"అన్నకు నేను చెబుతాలే. అన్నం తిన్నాక చెబుతా. నువ్వు మాత్రం బయటికి రాబాక."

మధ్యాహ్నం అన్నాలకు అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చున్నారు. వెంకటశేషమ్మ వడ్డించింది. వనజాక్షి లోపలి నుంచి గిన్నెలు అందించింది. పప్పు అయింది. తోటకూర అయింది. పెంచలకృష్ణ రెండుసార్లు అన్న వైపు తిరిగాడు. మొదటిసారి ఊరగాయ అడిగాడు. రెండోసారి మజ్జిగ పొయ్యమన్నాడు. చెయ్యి కడుక్కున్నాక హజరత్తయ్య కాసేపు నడుము వాల్చారు. తమ్ముడు వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ చాలాసేపు గడిపాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

మూడుంబావుకు ఇద్దరూ కట్ట మీదికి వెళ్ళారు. ముందు అన్న, నాలుగడుగులు వెనక తమ్ముడు.

అప్పుడు వనజాక్షి కిటికీ తీసింది.

ముసురు ఇంకా విడవలేదు. నీళ్ళు ముదురాకు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. రేవు దగ్గర ఎత్తకుండా మిగిలిపోయిన చేపలు తెల్లగా తేలుతున్నాయి. అవతల కట్ట మీద ముప్పై మంది దాకా చేరారు. తూము దగ్గర ఇసక మూటలు. తిమోతి ఒక్కడే తూములోకి నీళ్ళు తెచ్చే కాలవకు అటు పక్కన నిలబడి ఉన్నాడు. భర్త ఇప్పుడైనా అన్నకు చెబుతాడేమోనని ఆమె చూసింది. అతను గొడుగు తెరిచి అన్న తల మీద పట్టాడు.

ఆమె చెంగు నడుముకు చెక్కుకుంది. పెరటి తలుపు దగ్గర వెంకటశేషమ్మ అడ్డంగా నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెంకటశేషమ్మ పక్కకు జరిగింది.

కట్ట మీదికి ఆడమనిషి రావడం చూసి మాటలు ఆగిపోయాయి. వచ్చింది ఫలానా ఇంటి కోడలని తెలిశాక దగ్గులు కూడా ఆగాయి. ఆమె నేరుగా గొడుగు దాకా నడిచింది.

"బావగారూ," అంది.

ఇరవై రెండేళ్ళలో ఆయనను ఆ పిలుపుతో ఎదురుగా పిలవడం అదే మొదలు. హజరత్తయ్య తల తిప్పి నీళ్ళ వైపు చూశారు.

"తవుడు నేనే వేసినాను. మంగళారం నుంచి నాలుగు పొద్దులు. రెండు గోతాలకు పైనే. చేపలు నోళ్ళు తెరిస్తే ఆకలేమో అనుకున్నా. మేత ఆపినారని నాకు తెలవదు. తిమోతన్న నీళ్ళు వదల్లా."

పెద్దమనుషుల్లో పెద్దవాడు ఓబయ్య నవ్వినట్టు మొహం పెట్టి, కలిసిమెలిసి ఉండేవాళ్ళు గదా, ఆ బిడ్డ మనసు మంచిదన్నాడు. తిమోతిని కాపాడాలని చెబుతోందిలెమ్మన్నాడు. ఆయన మాట పట్టుకుని ఇంకో ఇద్దరు తలలూపారు. నిజం చెప్పి మంచిదనిపించుకోవడం ఇంత ఘోరంగా ఉంటుందని వనజాక్షికి తెలియదు.

కాలవ అవతల నుంచి తిమోతి అడిగాడు.

"ఏ పక్క ఏసినావక్కా?"

"రేవు దగ్గర."

"ఆడే గదా ముందు తేలినాయి," అన్నాడు, తనలో తను. అతని మొహంలో కోపం కోసం ఆమె వెతికింది. ఉంటే బాగుండేది. "సోమారం మీ ఇంటి ముందర నించే పోయినా. ఒక మాట లోపలికొచ్చి నీకు చెప్పుండాల్సింది. కృష్ణకు చెప్పినా గదా అని ఊరుకున్నా."

హజరత్తయ్య ఇంకా నీళ్ళనే చూస్తున్నారు. ఆమెతో మాట్లాడితే విన్నట్టవుతుంది. అందుకని తమ్ముణ్ణి అడిగారు.

"ఏరా. ఆమె చెప్పేది నిజమేనా?"

గొడుగు కొంచెం కదిలింది. పెంచలకృష్ణ భార్య వైపు చూడలేదు. తిమోతి వైపు అసలే చూడలేదు. తిమోతి మాత్రం అతన్నే చూస్తున్నాడు.

"నాకు తెలవదన్నా," అన్నాడు.

ఆ మాట అతను అంత మెల్లగా అన్నా ముప్పై మందికీ వినిపించింది. హజరత్తయ్య చెయ్యెత్తారు. ఇద్దరు మనుషులు మొదటి మూటను చెరో పక్కా పట్టుకుని కాలవలోకి దిగారు. తిమోతి వెనక్కి తిరిగి తన గుంటల వైపు చూశాడు. అక్కడ ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు ఇక్కడికి సన్నగా వినిపిస్తోంది.

వనజాక్షి చెప్పులు కట్ట మీద విడిచింది. జారుడు గట్టు పట్టుకుని కిందికి దిగి, మోకాలి లోతు నీళ్ళలో నడిచి, తూము నోటికి అడ్డంగా, వీపు ఆనించి కూర్చుంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. చల్లగా ఉన్నాయి. మూట పట్టుకున్న మనుషులు ఆగిపోయారు. పరాయి ఇంటి కోడల్ని చెయ్యి పట్టి లేపడం వాళ్ళ వల్ల కాదు. బావగారు ముట్టుకోవడం అసలు ఎవరూ ఊహించలేని సంగతి. ఇదంతా ఆమెకు దిగేటప్పుడే తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆ మర్యాదకు అణిగి ఉంది. ఒక్క పూట దాన్ని తన పనికి వాడుకుంది.

"పైన ముసురు," అన్నాడెవరో. "జొరమొస్తాదమ్మా."

"రానీ," అంది వనజాక్షి.

హజరత్తయ్య, నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"రేయ్ కృష్ణా. నీ పెళ్ళాన్ని లెయ్యమను."

పెంచలకృష్ణ గొడుగు మూశాడు. పక్కనున్న ఓబయ్య చేతికిచ్చాడు. పంచె పైకి కట్టుకుని కాలవలోకి ఒక కాలు పెట్టాడు. తరవాత రెండోది. మూటవాళ్ళు దారిచ్చారు. అతను తల వంచుకుని, నీళ్ళను తోసుకుంటూ నడిచి వస్తున్నాడు.

లేపడానికి వస్తున్నాడో, పక్కన కూర్చోడానికి వస్తున్నాడో వనజాక్షి ఆ నడకను బట్టి పోల్చుకోవాలని చూసింది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెకు తెలియలేదు.